పోపుల పెట్టెలో సీసం



2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక శనివారం వన్ టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూర్ఛలు, నోట నురగ, కాసేపటికి తేరుకోవడం. చిన్నా పెద్దా తేడా లేదు. కొద్ది రోజుల్లోనే ఆరు వందలమందికి పైగా ఆసుపత్రికి చేరారు, ఒకరు చనిపోయారు. పత్రికలు దానికి వింత వ్యాధి అని పేరు పెట్టాయి. రోగుల రక్తం ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపితే సీసం, నికెల్ కనిపించాయన్నారు. అంతే, ఆ వారమంతా టీ కొట్టు దగ్గర కూడా సీసం గురించే మాట. ఆ తర్వాత ఎయిమ్స్, హైదరాబాద్‌లోని ఐఐసీటీ నిపుణులు పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమై ఉండాలని చెప్పారు. ఊరు సద్దుమణిగింది, మనమూ సీసం మాట మర్చిపోయాం.

నాకైతే అలా మర్చిపోవడమే అసలు నష్టం అనిపిస్తుంది. మనం రోజూ తినే తిండిలోంచి కొద్ది కొద్దిగా ఒంట్లోకి చేరే సీసం మనిషిని బజార్లో పడేయదు. కుర్రవాడు క్లాసులో వెనకబడతాడు, లెక్క బుర్రకెక్కదు, ఒకచోట కుదురుగా కూర్చోడు. అమ్మాయికి రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాస్తారు. నలభై దాటినవాడికి బీపీ వస్తుంది, ఎందుకు వచ్చిందని ఎవరూ అడగరు. వీళ్లెవరూ అంబులెన్స్ ఎక్కరు. కాబట్టి ఏ పత్రికా దీనికి పేరు పెట్టదు.

తిండిలోకి వచ్చే భార లోహాల్లో ముఖ్యంగా నాలుగింటి గురించి చెప్పుకోవాలి. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం. ఈ పావుగంటలో నాలుగింటికీ సమానంగా న్యాయం చేయలేను. ఎక్కువసేపు సీసం దగ్గరే ఆగుతాను, అందులోనూ పసుపు దగ్గర. ఎందుకంటే పసుపు లేని పోపుల పెట్టె మన ఇళ్లలో ఉండదు.

ముందు సీసం ఒంట్లో ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. శరీరానికి సీసం అంటే ఏమిటో తెలియదు. దాన్ని చూసి కాల్షియం అనుకుంటుంది. కాల్షియం వెళ్లే దారిలోనే రానిచ్చి, కాల్షియం ఉంచే చోటే, అంటే ఎముకల్లోనే దాచిపెడుతుంది. రక్తంలో ఉన్న సీసం నెలా రెండు నెలల్లో తగ్గుతుంది కానీ ఎముకలోది పదులకొద్దీ ఏళ్లు ఉంటుంది. ఆడపిల్ల చిన్నప్పుడు తిన్న సీసం, ఆమె గర్భవతి అయినప్పుడు ఎముకల నుంచి కాల్షియంతో పాటు బయటికి వచ్చి కడుపులో బిడ్డకు చేరుతుంది. పెద్దవాళ్లతో పోలిస్తే చిన్నపిల్లల పేగులు తిన్న సీసంలో నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటాయి. ఇంత వరకూ ఉంటే ఫరవాలేదు అని చెప్పగల సురక్షిత స్థాయి సీసానికి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది.

2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి ఒక నివేదిక విడుదల చేశాయి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే 80 కోట్ల మందికి దాకా, రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేక అంతకు మించి సీసం ఉందని అందులో అంచనా. ఆ పిల్లల్లో 27 కోట్ల మందికి పైగా మన దేశంలోనే ఉన్నారు. పెట్రోలులో సీసం కలపడం మనం 2000లోనే ఆపేశాం. మరి ఇంకా ఎక్కణ్ణుంచి వస్తోంది? పాత బ్యాటరీలు కరిగించే చోట్ల నుంచి, కొన్ని రంగుల నుంచి, కొన్ని వంటపాత్రల నుంచి, కొన్ని మసాలా దినుసుల నుంచి.

మసాలా సంగతి బయటపడిన తీరు మన డిటెక్టివ్ నవలలకు తీసిపోదు. అది బంగ్లాదేశ్ పల్లెల్లో జరిగింది. అక్కడ గర్భిణుల రక్తం పరీక్ష చేస్తే సీసం ఎక్కువగా ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీ లేదు, బ్యాటరీ కొలిమి లేదు, పెద్ద రోడ్డు కూడా లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెన్నా ఫోర్సిత్ అనే పరిశోధకురాలు, ఢాకాలోని పరిశోధకులతో కలిసి ఇంటింటికీ తిరిగి మట్టి, బియ్యం, పాత్రలు, పసుపు, ఏది దొరికితే అది పరీక్షించారు. సీసంలో కొన్ని రకాల పరమాణువులు ఉంటాయి, బరువులో కొద్ది తేడాతో. ఒక గని నుంచి వచ్చిన సీసంలో అవి ఏ పాళ్లలో ఉంటాయో, ఇంకో గని సీసంలో అవే పాళ్లలో ఉండవు. అంటే సీసానికి వేలిముద్ర ఉన్నట్టే. ఆ తల్లుల రక్తంలోని సీసం వేలిముద్ర, వాళ్ల వంటింటి పసుపులోని సీసం వేలిముద్రతో సరిపోయింది. 2019లో ఈ ఫలితం అచ్చయింది.

పసుపులోకి సీసం ఎలా వచ్చింది? భూమిలోంచి కాదు, రంగు డబ్బాలోంచి. లెడ్ క్రోమేట్ అని ఒక పసుపు రంగు పొడి ఉంది. రోడ్ల మీద గీసే పసుపు గీతల రంగులో వాడేవాళ్లు. చవక, మెరుపు, ఎండకు చెదరదు. అందులో బరువుకు 64 శాతం సీసమే. మిగిలినదాంట్లో ఉన్న క్రోమియం కూడా మంచిదేమీ కాదు, అది క్యాన్సర్ కారకమైన రకం. 1980లలో బంగ్లాదేశ్‌లో పెద్ద వరదలొచ్చి పసుపు పంట తడిసి, ఎండక, నల్లబడి పోయిందట. కొనేవాడికి మాత్రం పచ్చగా నిగనిగలాడే కొమ్ము కావాలి. దాంతో కొమ్ముకు ఈ పొడి పూయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వరద లేని ఏళ్లలో కూడా అది ఆగలేదు. పూసినవాళ్లలో చాలామందికి అది విషమని తెలియదు, తెలిసినవాళ్లకు అది ఎంత విషమో తెలియదు.

మన వాళ్లకు పసుపు పని కొత్త కాదు కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను. నిజామాబాద్, ఆర్మూరు వైపైనా, దుగ్గిరాల వైపైనా పద్ధతి ఒకటే. దుంపలు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో రోజుల తరబడి ఎండబోస్తారు. ఎండిన కొమ్ము చూడటానికి బాగుండదు. పైన పొలుసులు, వేళ్ల ముక్కలు, మట్టి రంగు. దాన్ని పాలిషింగ్ డ్రమ్ములో వేసి తిప్పుతారు. డ్రమ్ము తిరుగుతుంటే కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పొట్టు రాలుతుంది. చివరి విడతలో నీళ్లలో కలిపిన పసుపు పొడిని పైన చల్లుతారు. అది సరైన పద్ధతే, అసలు పసుపు పొడే చల్లితే తప్పేమీ లేదు. కానీ కల్తీకి తలుపు తెరుచుకునేది సరిగ్గా ఆ చివరి విడతలోనే. అసలు పసుపు పొడి బదులు ఒక గుప్పెడు రంగు పొడి వేస్తే కొమ్ము మరింత మెరుస్తుంది, రూపాయి ఎక్కువ పలుకుతుంది.

ఎంత రంగు వేస్తే ఎంత సీసం అవుతుందో ఒక లెక్క వేద్దాం. కాగితం అక్కర్లేదు, నోటి లెక్కే. కిలో పసుపుకు లెడ్ క్రోమేట్ ఒకటిన్నర గ్రాము, ఇంకొంచెం, పూశారనుకోండి. రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెడు అది. అందులో సీసం ఒక గ్రాము ఉంటుంది. అంటే పసుపు గ్రాముకు 1000 మైక్రోగ్రాముల సీసం. ఇంట్లో మనిషికి రోజుకు ఒక గ్రాము పసుపు పడుతుందనుకుంటే, రోజూ 1000 మైక్రోగ్రాములు. పిల్లలు రోజు మొత్తం తిండిలో కలిపి 2.2 మైక్రోగ్రాములు దాటకుండా చూడాలని అమెరికా ఆహార ఔషధ సంస్థ ఒక గీటురాయి పెట్టుకుంది. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలకు 8.8. వెయ్యి ఎక్కడ, రెండు ఎక్కడ!

ఇది ఊహాలెక్క కాదు. 2024లో ఫోర్సిత్ బృందమే ఇంకో అధ్యయనం ప్రచురించింది. భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లో 23 నగరాల నుంచి పసుపు కొమ్ములు, పొడి కొని పరీక్షించారు. పాకిస్తాన్‌లో కరాచీ, పెషావర్, మన దేశంలో పట్నా, ఈ మూడు చోట్లా గ్రాముకు 1000 మైక్రోగ్రాములు దాటిన నమూనాలు దొరికాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొత్తం నమూనాల్లో 2 మైక్రోగ్రాములు దాటినవి నూటికి 14 మాత్రమే. మిగిలిన 86 శుభ్రంగానే ఉన్నాయి. దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది ఒకటే. పసుపులో సీసం ఉండి తీరాల్సిన పని లేదు. ఉందీ అంటే ఎవరో ఒకరు కలిపి ఉండాలి, లేదా మట్టిలోనో యంత్రంలోనో ఏదో పాడై ఉండాలి.

మన చట్టం ఏమంటోంది? పసుపులో లెడ్ క్రోమేట్ అసలు ఉండకూడదు, పరీక్షలో కనబడకూడదు. సీసం మాత్రం గ్రాముకు 10 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. ఈ రెండో మాట నాకు మింగుడుపడదు. పరిమితికి లోబడిన పసుపే ఒక గ్రాము తిన్నా 10 మైక్రోగ్రాములు. ఇందాక చెప్పిన పిల్లల గీటురాయికి నాలుగు రెట్లకు పైన. పొరుగున బంగ్లాదేశ్ పెట్టుకున్న పరిమితి రెండున్నర. మార్కెట్లో 86 శాతం సరుకు రెండు లోపే ఉన్నప్పుడు చట్టం పది దాకా ఎందుకు ఓర్చుకోవాలో ఎవరైనా చెప్పాలి.

దుగ్గిరాల పసుపు మీదో, నిజామాబాద్ పసుపు మీదో నేనిక్కడ నేరం మోపడం లేదని రైతు సోదరులు గమనించాలి. రైతు ఇందులో రంగు పూయడు. నిజానికి కల్తీ వల్ల మొదట నష్టపోయేది అతనే. రంగు వేయని కొమ్ము పక్కన రంగు వేసిన కొమ్ము పెడితే, మంచిదానికి ధర పడిపోతుంది. 2016లో అమెరికాలో సీసం ఉందని కొన్ని బ్రాండ్ల పసుపు పొడి వెనక్కి తీసుకున్నప్పుడు, అక్కడి తెలుగు ఇళ్లలో కూడా డబ్బాలు తిరగేసి చూసుకున్నారు. అలాంటి వార్త ఒక్కటి వస్తే ఏ ఊరి పసుపో, ఏ మిల్లు పసుపో ఎవరూ చూడరు, మొత్తం పసుపు పంటకే మచ్చ.

ఇప్పుడు అమెరికాలో జరిగిన ఇంకో సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో మనం నేర్చుకోవలసింది ఉంది. 2023లో నార్త్ కరోలినాలో కొందరు పిల్లలకు మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం ఎక్కువగా వచ్చింది. ఇల్లంతా వెతికారు, గోడల రంగు చూశారు, నీళ్లు చూశారు. చివరికి తేలింది, పిల్లలు పీల్చుకుని తినే యాపిల్ గుజ్జు పొట్లాల్లో ఉందని. యాపిల్‌లో కాదు, అందులో వాసనకు వేసిన దాల్చినచెక్క పొడిలో. ఆ పొడి ఈక్వడార్‌లో పట్టించింది. అందులో కూడా లెడ్ క్రోమేటే. దేశవ్యాప్తంగా వందలాది పిల్లలకు సీసం చేరిందని తేలింది, సరుకు మొత్తం వెనక్కి తీసుకున్నారు. ఇంత బయటపడింది దేనివల్ల? అక్కడ ఏడాది, రెండేళ్ల పిల్లలకు రక్తంలో సీసం చూడటం చాలాచోట్ల మామూలు పని కాబట్టి. మన దగ్గర అంగన్‌వాడీలో పిల్లవాణ్ణి తూకం వేస్తారు, జబ్బ చుట్టుకొలత చూస్తారు, హిమోగ్లోబిన్ చూస్తారు. సీసం చూడరు. చూడనిది కనబడదు.

బంగ్లాదేశ్ ధనిక దేశమేమీ కాదు. 2019లో ఫలితం రాగానే అక్కడి ఆహార భద్రత సంస్థ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బజార్లలో నోటీసులు అంటించారు, టీవీలో చెప్పారు. ఢాకాలో శ్యాంబజార్ అనే టోకు మార్కెట్ మీద దాడి చేశారు. అధికారుల చేతిలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే యంత్రం ఉంది. డ్రిల్లింగ్ మెషీన్ అంత ఉంటుంది. కొమ్ము మీద ఆనించి మీట నొక్కితే, ల్యాబుకు పంపి వారాలు ఎదురుచూడనక్కర్లేకుండా, సీసం ఎంత ఉందో అక్కడికక్కడే చూపిస్తుంది. ఇద్దరు టోకు వ్యాపారులకు జరిమానా వేసి, సరుకు పట్టుకున్నారు. ఆ జరిమానా వార్త మార్కెట్ మొత్తానికీ పాకింది. 2019లో మార్కెట్లో నూటికి 47 పసుపు నమూనాల్లో సీసం కనబడితే, 2021కల్లా ఒక్కదాంట్లో కూడా కనబడలేదు. మిల్లుల్లో పనిచేసే కూలీల రక్తంలో సీసం 30 శాతం దాకా తగ్గింది. మందు కనిపెట్టలేదు, కోట్లు ఖర్చు పెట్టలేదు. కొలిచారు, కొలిచినది నలుగురికీ చెప్పారు, తప్పు చేసినవాణ్ణి పట్టుకున్నారు.

మన ఫోన్లలో తిరిగే వీడియోల మాట కూడా చెప్పాలి. గ్లాసు నీళ్లలో పసుపు వేయండి, అడుక్కి దిగితే మంచిది, నీళ్లు పచ్చబడితే కల్తీ, అని చెబుతుంటారు. రంగు బాహాటంగా పూసిన కొమ్మును నీళ్లలో వేస్తే రంగు చారలు దిగే మాట నిజమే. ఆ మేరకు ఆ పరీక్ష పనికొస్తుంది. కానీ లెడ్ క్రోమేట్ నీళ్లలో కరగదు. గ్రాములో లక్షో వంతు సీసాన్ని కళ్లతో పసిగట్టడం ఎవరి తరమూ కాదు. నేను కెమిస్ట్రీ చెప్పి బతికినవాణ్ణి, నా వల్లా కాదు. గ్లాసు పరీక్షలో పాసైంది కదా అని ధీమాగా ఉండటం కంటే, పరీక్ష చేయకుండా అనుమానంగా ఉండటమే మేలంటాను.

ఇక ఇంట్లో మనం చేయగలిగింది కొంత ఉంది. పసుపు విడిగా, పేరూ ఊరూ లేని పొడిగా కొనకండి. కొమ్ములు కొని పట్టించుకునేవాళ్లు మరీ నిగనిగలాడేవి తీసుకోకండి. కాస్త మట్టిరంగుగా, పాలిష్ తక్కువగా ఉన్న కొమ్మే మంచి కొమ్ము. దాన్ని విరిచి చూడండి, లోపలి రంగు కంటే పైరంగు ఎక్కువ మెరుస్తుంటే వదిలేయండి. ఇంకో మాట. పూజా పసుపు అని విడిగా అమ్ముతారు, చాలా ప్యాకెట్ల మీద తినడానికి కాదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఆహారం కింద రాదు కాబట్టి ఆహార నియమాలూ దానికి వర్తించవు. దాన్ని వంటింట్లోకి రానివ్వకండి. గడపకు రాసేటప్పుడు కూడా పాకే పిల్లలున్న ఇంట్లో తినే పసుపే రాయండి. పాకేవాడి చెయ్యి గడప మీద నుంచి నేరుగా నోట్లోకే కదా వెళ్లేది. సింధూరం విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం, ఎర్ర సీసం కలిసిన సింధూరం ఎన్నోసార్లు పరీక్షల్లో దొరికింది.

ఇప్పుడు పాత్రల సంగతి. సత్తు గిన్నెలో కాచిన చారుకు ఉన్న పేరు మీకు నేను చెప్పాలా? ఈ మధ్య ఆ గిన్నెలు మళ్లీ ఫ్యాషన్ అయ్యాయి, ఆన్‌లైన్లో కూడా తెప్పించుకుంటున్నారు. అసలైన తగరంతో చేసిన గిన్నె అయితే భయం లేదు, తగరం మనిషికి పెద్దగా హాని చేయదు. కానీ తగరం ఖరీదు, సీసం చవక. రెండూ మెత్తటి లోహాలే, తేలిగ్గా కరుగుతాయి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తగరంలో సీసం కలిపితే చూసి చెప్పలేం. ఇత్తడి గిన్నెల్లో చిలుము పట్టకుండా పూయించే కళాయికీ ఇదే చిక్కు. ఇంతకీ ఆ గిన్నెలో మనం కాచేదేమిటి? చింతపండు రసం. పులుపు తగిలితే సీసం కరిగి చారులోకి దిగుతుంది. పొయ్యి మీద ఎంతసేపు మరిగితే అంత. దుకాణదారు తగరం స్వచ్ఛతకు రాతపూర్వకంగా హామీ ఇవ్వకపోతే ఆ గిన్నెలో చారు కాచకండి. స్టీలు గిన్నెలో కాచి, ఇంగువ పోపు సరిగ్గా పెడితే మా ఇంట్లో ఎవరూ తేడా కనిపెట్టలేదు.

పాత సామాన్లు, యంత్రాల విడిభాగాలు కరిగించి పోసిన అల్యూమినియం గిన్నెలతో కూడా ఇదే గొడవ. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో, శరణార్థి కుటుంబాల పిల్లల రక్తంలో సీసం ఎందుకుందని వెతికితే, వాళ్లు వెంట తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్లు, గిన్నెలు బయటపడ్డాయి. 2025 ఆగస్టులో అమెరికా ఆహార ఔషధ సంస్థ దిగుమతి చేసుకున్న కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల నుంచి సీసం దిగవచ్చని దుకాణాలను, ప్రజలను హెచ్చరించింది. సూట్‌కేసులో ఊరగాయ జాడీతో పాటు హిండాలియం కడాయి కూడా కట్టి పంపే అమ్మలు, అత్తలు మన దగ్గర చాలామంది. ఈసారి ఊరగాయ పంపండి, కడాయి మానండి.

అన్నం మాటకొస్తే ఆర్సెనిక్ గురించి చెప్పాలి. వరి చేలో నీళ్లు నిలబెడతాం. నీటి కింద మట్టికి గాలి తగలదు. గాలి లేని మట్టిలో ఇనుముకు అంటుకుని ఉన్న ఆర్సెనిక్ విడిపోయి నీటిలో కలుస్తుంది, వరి వేరు దాన్ని పీల్చేస్తుంది. గోధుమ కంటే వరిలో ఆర్సెనిక్ ఎక్కువ ఉండటానికి ఇదే కారణం. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్, బిహార్‌లలో భూగర్భజలంలోనే ఆర్సెనిక్ ఉండటంతో అక్కడ గొట్టపుబావి నీళ్లు తాగి, ఆ నీళ్లతో పండిన అన్నం తిని, చర్మం మీద మచ్చలు, క్యాన్సర్ల దాకా వచ్చాయి. అతిసారం నుంచి కాపాడాలని 1970ల నుంచి తవ్వించిన గొట్టపుబావులే ఈ విషాన్ని ఇంటి ముంగిటికి తెచ్చాయి. మన తెలుగు నేల మీద ఆర్సెనిక్ అంత పెద్ద సమస్య కాదు. మన నల్గొండ బాధ ఫ్లోరైడ్.

అయినా ఒక సంగతి చెప్పుకోదగ్గది. ఎక్కువ నీళ్లు పోసి, ఉడికాక గంజి వారిస్తే అన్నంలోని ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం దాకా పోతుందని పరీక్షల్లో తేలింది. కుక్కర్లు రాకముందు మనందరి ఇళ్లలో చేసింది అదే. గంజితో పాటు కొన్ని విటమిన్లూ పోతాయి, ఆ సంగతి కూడా చెప్పాలి కదా. ఆర్సెనిక్ లేని ప్రాంతం బియ్యానికి గంజి వార్చనక్కర్లేదు. బియ్యం పైపొట్టులో ఆర్సెనిక్ ఎక్కువ ఉంటుంది కాబట్టి ముడిబియ్యమే అమృతమని పసిపిల్లలకు పూటపూటా అదే పెట్టకండి. ఒక పూట బియ్యపు ఉగ్గు, ఒక పూట రాగి జావ, అలా మార్చి పెట్టండి.

కాడ్మియం గురించి తక్కువ చెబుతాను. జపాన్‌లో తోయామా ప్రాంతంలో, జింజు నది ఎగువన ఉన్న కమియోకా గని నుంచి వదిలిన వ్యర్థం వరి చేలలో చేరింది. ఆ బియ్యం తిన్న ఆడవాళ్ల మూత్రపిండాలు పాడై, ఎముకలు గుల్లబారి, దగ్గితే విరిగేవి. 1968లో ప్రభుత్వం దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది. మన దగ్గర కాడ్మియం మురుగునీళ్లతో పండే ఆకుకూరల్లోనూ, కొన్ని ఫాస్ఫేట్ ఎరువుల ద్వారానూ, బీడీ, సిగరెట్ల ద్వారానూ చేరుతుంది. ఆకు మీద పడిన దుమ్ము కడిగితే పోతుంది. వేరు ద్వారా లోపలికి ఎక్కింది ఉప్పునీళ్లలో నానబెట్టినా పోదు.

చేపల్లో పాదరసం సంగతి తీరప్రాంతపు వాళ్లకు. కార్ఖానాల నుంచి, బొగ్గు పొగ నుంచి సముద్రంలో చేరిన పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ పాదరసంగా మారుస్తాయి. చిన్నచేపను పెద్దచేప, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోతే పైనున్నదాని కండలో అది పేరుకుంటుంది. వేయించినా పులుసు పెట్టినా పోదు. జపాన్‌లోనే మినమాతలో పాదరసం వదిలిన కార్ఖానా పక్క జాలర్ల కుటుంబాలకు 1956 నాటికి కాళ్లూ చేతులూ వంకరపోయాయి, పుట్టిన పిల్లలు పుట్టుకతోనే మెదడు దెబ్బతిని ఉన్నారు. మన తీరంలో అంత ఘోరం లేదు. కానీ బాలింతకు పాలు పడతాయని సొర పిట్టు పెట్టే అలవాటు మన తీరమంతా ఉంది. పెద్ద సొర అన్నిటికంటే పైన ఉండే చేప, పాదరసం ఎక్కువ ఉండేది. పెట్టాలనుకుంటే చిన్న పాల సొర మాత్రమే, అదీ అప్పుడప్పుడు. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు బాలింతకు అన్నివిధాలా మంచివి, ధరా తక్కువే.

మళ్లీ సీసం దగ్గరికొస్తే, రక్తహీనత ఉన్న పిల్లవాడి ఒంట్లోకి సీసం ఎక్కువగా చేరుతుందని మరిచిపోకండి. ఇనుము, కాల్షియం తక్కువైన పేగు, ఆ లోటులో సీసాన్ని లాక్కుంటుంది. అంటే పాలు, రాగులు, గుడ్డు, ఆకుకూర, బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం కూడా సీసానికి కొంత అడ్డు. ఖాళీ కడుపుతో బడికి పంపకండి.

కానీ శ్రోతలారా, ఇదంతా ఇల్లాళ్ల మీదే వదిలేస్తే అన్యాయం. కొమ్ము విరిచి చూసి, గిన్నె మార్చి, గంజి వార్చి, ఒక తల్లి ఎంతవరకని కాచుకోగలదు? రంగు పూసేది మిల్లులో, పట్టుకోవలసింది కూడా అక్కడే. జాతీయ పసుపు బోర్డు 2025 సంక్రాంతి నాడు మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. బోర్డుకూ, రెండు రాష్ట్రాల ఆహార భద్రత అధికారులకూ నా విన్నపం ఒకటే. నిజామాబాద్ యార్డులో ఒకటి, దుగ్గిరాల యార్డులో ఒకటి, ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం పెట్టండి. పాలిష్ అయి వచ్చిన ప్రతి లాటు మీద ఆనించి చూడండి. వచ్చిన అంకెలు నోటీసు బోర్డు మీద రాయండి. మంచి సరుకు తెచ్చిన రైతుకు ఆ అంకే ధర పెంచుతుంది. గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో సీసాన్నీ చేర్చండి, ముందుగా కొన్ని జిల్లాల్లోనైనా సరే.

కొనేవాళ్లకు కూడా చట్టం ఒక హక్కు ఇచ్చింది, చాలామందికి తెలియదు. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో 40వ సెక్షన్ ప్రకారం, మీరు కొన్న సరుకును ఫీజు కట్టి ప్రభుత్వ ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్ష చేయిస్తున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. సరుకు నిబంధనలకు విరుద్ధంగా ఉందని తేలితే మీ ఫీజు మీకు తిరిగి ఇస్తారు. ఒక్కరు వెళ్లడం కష్టమైతే అపార్ట్‌మెంట్ సంఘమో, డ్వాక్రా బృందమో కలిసి వెళ్లండి, రిపోర్టు వచ్చాక దాన్ని దుకాణదారుకూ చూపించండి.